పెదాలు కలవని మాట

హలో… ఆ, నేనే చెల్లీ. చెప్పు… సినిమాకి వెళ్లావా? ఒక్కదానివేనా? నన్ను పిలవకూడదూ—

…ఊ.

…అందరూ తెగ మెచ్చుకుంటున్నారు. ముప్పై ఏళ్లు నాటకాల్లో, సినిమాల్లో తండ్రి వేషాలే వేసి, పోయాక పేరొచ్చింది బావకి… ఏడవకమ్మా.

…ఏమన్నావు?

…ఎవరు చెప్పారు నీకు? …ఎవరూ చెప్పలేదా. అవున్లే, కట్టుకున్నదానివి, మొగుడి గొంతు పోల్చుకోలేవా.

నేనే. చివరి రెండు సీన్లకి డబ్బింగ్ నేనే చెప్పాను. బావ చెప్పకుండానే పోయాడు కదా… ఎవడో ముక్కూమొహం తెలియనివాడు చెబుతానంటే మనసొప్పలేదు. నాటకాల రోజుల్లో ఆయన గొంతు బొంగురుపోతే తెర వెనక నుంచి ఆయన గొంతుతో డైలాగులు నేనే చెప్పేవాణ్ణిగా.

…ఆఁ? చివరి మాటా?

…పెదాలు కలవలేదా. …లేదు, మెషీన్ తప్పేం కాదు— చెల్లీ, వదిలెయ్ ఆ సంగతి.

…సరే, ఒట్లు పెట్టకు. చెబుతాను. కూర్చున్నావా?

ఆ షాట్‌లో నేనూ ఉన్నాను. నాది డాక్టర్ వేషం. బావ మంచం మీద పడుకుని "నా బిడ్డని క్షమించాను" అనాలి. అన్నాడనే అనుకున్నాం. పక్కన జనరేటర్ రొద, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. నా కోటు పట్టుకుని లాగాడు… అబ్బ, ఏం చేస్తున్నాడు అనుకున్నాను. కట్ చెప్పగానే సెట్టంతా చప్పట్లు. ముందు కొట్టింది నేనే.

…అవును. ఆ సాయంత్రమే పోయాడు.

డబ్బింగ్ గదిలో బొమ్మ పెద్దగా చూశాను. పదిసార్లు తిప్పించాను. ఆ పెదాల మీద బిడ్డా లేదు, క్షమించడమూ లేదు. "బావా, ఊపిరాడటం లేదు"… నన్నే అడిగాడు చెల్లీ. డాక్టర్ కోటు వేసుకుని ఎదురుగా నిలబడ్డాను. నన్నే…

…ఎవరికీ చెప్పలేదు. దాని మీద రాసిచ్చిన డైలాగే చెప్పేశాను. ఆయన గొంతుతోనే.

…తిట్టు. …ఏదో ఒకటి అను.

…ఇప్పుడా? నీ దగ్గరికా? …వస్తాను.

…లేదమ్మా, గుమ్మంలోంచి పిలవను. తలుపు కొడతాను, తియ్యి.

…ఎందుకా? నిన్న ఇంటికొచ్చి గుమ్మంలోంచి కేకేశాను. మీ వదిన లోపల్నుంచి, బావకి పలికినట్టే, "వస్తున్నా అన్నయ్యగారూ" అంది.

…ఉంటాను.