ఆర్విల్ పెంచిన పందెం

"పంతొమ్మిదొందల తొంభై ఒకటి, చలికాలం. గార్డీనాలో వారం రోజులుగా వాన. మొదటినుంచీ చెబుతా విను షిగ్, సంతకం తర్వాత పెడుదువుగాని," అన్నాడు ఆర్విల్.

ఆర్విల్ విమానాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. పేకాట క్లబ్బులోంచి అతన్ని గెంటేసి మూడేళ్లయింది. రోజూ ఆడేవాడొకడు "ఇతని తప్పు లేదు" అని రాసిస్తే మళ్లీ రానిస్తానన్నాడు మేనేజరు. ఆ కాగితం ఇప్పుడు క్లబ్బు ఎదురుగా ఉన్న డోనట్ల కొట్లో, తోటపని చేసుకుంటూ ఆ క్లబ్బులో రోజూ ఆడే షిగేరు ముందుంది.

"నా చేతిలో రాణులు రెండు. అందరికీ ఉమ్మడిగా బల్లమీద పరిచే ఐదు ముక్కల్లో నాలుగోది పడింది. ఎర్రటోపీవాడు పన్నెండు డాలర్లు పెట్టాడు. పెట్టే ముందు చెవి గోక్కున్నాడు, రెండుసార్లు. నా తర్వాత వంతు ఓ పళ్ల డాక్టరుది. వాడేమో కళ్లజోడు సర్దుకున్నాడు. చెవికీ కళ్లజోడుకీ సంబంధం ఉందా లేదా?"

"చెవులమీదేగా కళ్లజోడు నిలబడేది," అన్నాడు షిగేరు.

"నవ్వు. నాకప్పుడే తెలిసింది, ఇద్దరూ ఒకటేనని. నేనూ పన్నెండే కట్టి సరిపెట్టి ఊరుకుంటే డాక్టరు పన్నెండుకే ఇంకో ముక్క చూస్తాడు. పెంచానా, ఇరవై నాలుగు కట్టాలి, జడిసి ముక్కలు పడేస్తాడు. మరి ఎర్రటోపీ దగ్గర నిజంగానే పెద్ద ముక్కలుంటే? అరగంట ఆలోచించా."

"అరగంట నిన్నెవరు ఆలోచించనిచ్చారు?"

"మొహం చూసి ఆగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెంచా. డాక్టరు పడేశాడు. ఎర్రటోపీ మళ్లీ పెంచాడు, నేనూ పెంచా. అలా నలభైసార్లు."

"మూడు పెంపులకి ఆపేస్తారు కదా."

"ముగ్గురుంటే ఆపుతారు. మిగిలింది ఇద్దరం, ఎవడాపుతాడు? డబ్బుకి బదులు పెట్టే బిళ్లలు పేరుస్తూ పోతే పైకప్పు తగిలాయి. క్లబ్బులో బిళ్లలు అయిపోతే పక్క ఊరినుంచి లారీలో తెప్పించారు. గుర్రప్పందేల వాళ్లు గుర్రాల్ని వదిలేసి వచ్చారు. అదే టైముకి భూకంపం. గోడ బీటలిచ్చింది గానీ నా కుప్పలోంచి ఒక్క బిళ్ల జారలేదు."

"ఆ భూకంపం మా ఇంటికి రాలేదే."

"మీది తారు రోడ్డుకి అటువైపు కదా. చివరికి ముక్కలు తిప్పాం, నేనే గెలిచా. ఇంకో గంట ఆడనిస్తే క్లబ్బు నా పేరున రాయాల్సొస్తుందని గెంటేశారు. ముక్కలు పంచే ఆవిడ కూడా వాళ్ల మనిషే."

కాఫీ కోసం లోపలికొచ్చి అతని వెనకే నిలబడ్డ డోలోరెస్, నల్లకోటు గుండీ విప్పుకుంటూ అంది, "ఎవరి మనిషిని పెద్దాయనా?"

ఆర్విల్ తిరిగి చూశాడు. ఆ రోజు ముక్కలు పంచింది ఆవిడే.

"మీరు పన్నెండు డాలర్ల బిళ్లలు ముందుకి తోశారు. నోరు విప్పలేదు. తర్వాత మళ్లీ వెనక్కి చెయ్యి పెట్టి ఇంకో పన్నెండు తీశారు. మా బల్లమీద చెయ్యి ఒక్కసారే ముందుకి రావాలి, లేకపోతే ముందే 'పెంచుతున్నా' అనాలి. రెండో పన్నెండు వెనక్కి తోసి సరిపెట్టినట్టే లెక్క అన్నాను. డాక్టరు పన్నెండే కట్టాడు, ఐదో ముక్కతో ఆయనకి వరస కలిసింది, డబ్బంతా పట్టుకెళ్లాడు."

"నేను 'పెంచుతున్నా' అన్నాను. వాన హోరులో నీకు వినపడలేదు."

"లోపల కిటికీలే లేవు. పక్కబల్ల దగ్గర ఒకాయన చూయింగ్ గమ్ నములుతుంటే నాకు వినపడింది."

"రెండో పన్నెండు తియ్యకముందు ఎర్రటోపీ నీకు కన్ను కొట్టాడు."

"ఆయనకి ఆ కన్ను గాజుది."

షిగేరు కలం మూత పెట్టాడు. "గెంటేసింది పెంచినందుకా?" అని డోలోరెస్‌ని అడిగాడు.

"కాదు. డాక్టరూ ఎర్రటోపీ నేనూ ముగ్గురం కలిసి మోసం చేశామని అరిచి ముక్కలు నా మొహాన కొట్టాడు."

"రెండే ముక్కలు," అన్నాడు ఆర్విల్.

షిగేరు కాగితం మడిచి అతని ముందుకి జరిపాడు. సంతకం పెట్టలేదు. ఆర్విల్ ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. క్లబ్బులోకి మళ్లీ రానివ్వలేదు.