నలభై మందిలో ముగ్గురే

మళ్ళీ అదే అడుగుతావేంటమ్మాయ్? ఇందాకే చెప్పా కదా, ఆ పథకం దండగ అని. అదే రాసుకుని వెళ్ళిపో.

ఏంటీ? పక్క ఊళ్ళో మిల్లు మూస్తే సగం మంది చదువులో చేరారా? మా దగ్గర నలభై మందిలో ముగ్గురేనా? అయితే మా వాళ్ళకి చదువు అక్కర్లేదని వాషింగ్టన్‌లో మీ ఆఫీసువాళ్ళకి చెప్పేస్తావా?

అబ్బే, అలా రాయకు. ఆ పెన్ను కాసేపు పక్కన పెట్టు. ఆ చల్లటి టీ తాగు, ఐసు కరిగిపోతోంది.

ఇరవై ఆరేళ్ళు ఇక్కడి మిల్లులో సాక్సులకి వేళ్ళ దగ్గర కుట్లు వేశాను. మా మిషన్ల వరసకి నేనే పెద్దని. ఈ వెర్లీన్ ఏదంటే అదే, ఆడవాళ్ళందరికీ. మిల్లు మూసేశారు, ఆ పని కాస్తా హోండురాస్‌కి పోయింది. పరాయి దేశం పోటీతో పని పోయింది కాబట్టి రెండేళ్ళు ఊరికే చదివిస్తాం, ఇంటి ఖర్చులకీ ఇస్తాం అంది ప్రభుత్వం.

అందరికంటే ముందు పరిగెత్తింది నేనే, తెలుసా? ఆఫీసులో గుమాస్తా ఒక కాగితం ఇచ్చి, "ఇది చదివి జవాబులు రాయండి" అంది. కళ్ళజోడు మర్చిపోయానన్నాను.

నాకసలు కళ్ళజోడే లేదమ్మాయ్.

ఏం చూస్తావలా? అవును, నాకు చదవడం రాదు. పేరు రాస్తాను, అంతే. మా ఆయనకొక్కడికే తెలుసు. ఆయనా పోయాడు.

మర్నాడు చర్చి హాల్లో మీటింగు. అందరూ చేరితే, నువ్వెందుకు చేరలేదని నన్నడగరూ? లేచి నిలబడ్డాను. "ఇదంతా మన నోరు మూయించడానికి! ఈ వయసులో బడికెళ్ళి నవ్వులపాలవుతారా?" అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు!

పక్కనే ఓపల్. పదహారేళ్ళు నా పక్క మిషను మీద చేసింది. నర్సునవుతానని ఫారం నింపి ఒళ్ళో పెట్టుకుంది. "నిజమేనంటావా, వెర్లీన్?" అంది.

"నీకు అబద్ధం చెబుతానా?" అన్నాను.

మడిచి సంచిలో పెట్టేసింది. గడువు దాటిపోయింది. ఇప్పుడు కోళ్ళ ఫ్యాక్టరీలో, ఆ చలిలో మాంసం కోస్తోంది. కుడిచేతి గుప్పిట మూసుకోవడం లేదు.

చేరిన ఆ ముగ్గురూ ఎవరంటావా? ఆ రోజు మీటింగుకి రానివాళ్ళు.

పథకం మంచిదో చెడ్డదో నాకేం తెలుసు? లోపలికి వెళ్తే కదా!

మొన్న ఆదివారం ఓపల్ పీచ్ కేకు చేసి తెచ్చింది, ఎడంచేత్తో పట్టుకుని. మా చెల్లెలి ముందే అంది, "ఆరోజు మా వెర్లీన్ లేచి చెప్పబట్టి మోసపోకుండా బయటపడ్డాం" అని.

నేనేం చేశాననుకున్నావ్? రెండు ముక్కలు తిన్నాను.