పంక్తి పంక్తీ పైకి చదివించిన సారంగపాణి గారు

1998 ఆగస్టు మూడవ తేదీన, హనుమకొండలోని మా దవాఖాన కంప్యూటర్ విభాగంలో శ్రీ సారంగపాణి గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. కొత్తవాడలో, ఒకరు రంగులు పైకి చెబుతుంటే మరొకరు జంపఖానా నేసే ఇంట పెరిగినవారు గనుక, ప్రోగ్రామునైనా ఒకరు పైకి చదవాలి, మరొకరు తెర చూస్తూ వినాలి అనే నియమాన్ని నెలకొల్పారు. వాక్యం ముగిసిన ప్రతిచోటా "ఆగింది" అనాలి. ఈ చాదస్తానికి చాటుగా నవ్వుకోనివారు మాలో లేరు.

విభాగాధిపతిగా పదోన్నతి పొందిన పిమ్మట, రోగికి పడని మందుల గురించి నర్సులను హెచ్చరించే ప్రోగ్రామును ఆయనే రూపొందించారు. నిరుడు ఆయన సెలవులో ఉన్ననాడు, మా విభాగంలో పనిచేసే చిరంజీవి సౌమ్య దానిని సవరించి, పైకి చదవకుండానే వాడకంలో పెట్టేసింది.

మరునాటి ఉదయం ఆయన వస్తూనే, "జర సదువు బిడ్డా" అన్నారు. సౌమ్య "రిటర్న్" అని చదివి కింది పంక్తికి దిగింది. సారంగపాణి గారు తెర మీద వేలు పెట్టారు.

"ఆగు. ఆడ లైన్ ఎందుకు విరిచినవ్?"

"పొడుగైంది సార్. చూడ మంచిగుంటదని."

అయ్యో! ఆ ప్రోగ్రాము రాసిన కంప్యూటర్ భాషలో, జవాబు తెచ్చివ్వమనే 'రిటర్న్' వెంటనే పంక్తి మారితే, వాక్యం అక్కడితో ముగిసిందని యంత్రం తనంతట తానే తీర్మానించుకుని, కింద ఉన్న జవాబును వదిలేసి ఖాళీ చేతులతో వస్తుంది. తప్పు జరిగిందని గోలపెట్టదు. జవాబు ఖాళీ అయితే తెర మీద "ఏ మందైనా ఇవ్వవచ్చు" అనే కనబడుతుంది.

రోగుల జాబితా చూస్తే, పెన్సిలిన్ పడని మొగిలమ్మ గారు, పాలకుర్తి రైతు, పై వార్డులో ఉన్నారు; ఆమెకు ఆ పూట రాసింది ఆ మందే. అది సూదులు వేసే వేళ. వార్డులో ఫోను మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు. మోకాళ్ల నొప్పులు మరిచి ఆయన మెట్లెక్కి పరుగెత్తారు.

"ఆగు దీపా! సూది పెట్టకు!"

"స్క్రీన్ల ఏం లేదనే ఉంది కద సార్?" అంది నర్సు దీప.

"స్క్రీన్ అబద్ధం చెప్తాంది. ఆమెకు గీ మందు పడదు!"

చర్మానికి ఆనిన సూదిని దీప వెనక్కి తీసింది. సంగతి తెలియని మొగిలమ్మ గారు, "గట్ల రొప్పుతానవేంది కొడుకా?" అంటూ తన మంచినీళ్లే ఆయనకు అందించారు.

అన్ని అంతస్తుల్లోనూ సూదులు ఆపించి ఆయన కిందికి వచ్చేసరికి, ఉద్యోగం మానేస్తానని సౌమ్య ఏడుస్తోంది.

"ఏడ్పు ఇంటికి పోయినంక. కూసో, మొదటి లైన్ కాంచి సదువు. నేను వింట."

ఆయన ఉద్యోగ విరమణ చేస్తున్న నేడు, మా విభాగంలో పైకి చదివించేది సౌమ్యే. నవ్వేవారు లేరు.

జరిగింది తెలిశాక మొగిలమ్మ గారు ఆయన తల మీద చేయి పెట్టి, "నా ఆయుష్షు గూడ నువ్వే పోసుకొని బతుకు" అన్నారు. ఆమె ఆయుష్షు ఆమెకే నిండుగా ఉండాలని, సారంగపాణి గారు తమ సొంత ఆయుష్షుతోనే, సతీమణి సరస్వతి గారితో కలిసి నూరేళ్లు ఆరోగ్యంగా వర్ధిల్లాలని, మా దవాఖానకు మమ్మల్ని చూడటానికే తప్ప చూపించుకోవడానికి ఎన్నడూ రాకూడదని మనసారా కోరుకుంటున్నాం.