వదిన వద్దన్న రెండు వందల షేర్లు

కోతలకు పన్ను వేస్తే మరిది ఈపాటికి ఇల్లు అమ్ముకుని ఉండేవాడు అనుకుంది వదిన. మధ్యాహ్నం విరామం. దారాల మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టు. పొద్దుటి నుంచి ప్యాకింగులో నిలబడ్డ కాళ్ళు బల్ల మీద కూర్చున్నా లాగుతున్నాయి. మొగుడు బతికుండగా మిల్లు ఇచ్చిన రెండు వందల షేర్లు ఇప్పుడు ఆమెవి. అవి అమ్మి గురువారం ఎడమ కంటికి శుక్లం తీయించుకోవాలి. ఇరవై వేలు వస్తాయనుకుంటే, షేరు వంద నుంచి డెబ్బైకి దిగిందని ఇందాకే తెలిసింది. ఆ మంట మీద ఉంది.

"హక్కుల షేర్లని మిల్లు మొన్న ఇచ్చింది చూడండి," అని మొదలెట్టాడు మరిది. "ఒకటున్నవాడికి ఇంకొకటి నలభైకే. వంద సరుకు నలభైకి! నేను ఒక్కటంటే ఒక్క ఫారం నింపా, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా సంతకం చూసి షేర్ల గుమస్తా లేచి నిలబడ్డాడు."

"కుర్చీ విరిగిందేమో," అన్నాడు టీ కొట్టు పెద్దాయన.

"నవ్వండి, నవ్వండి. ఆ ఫారం పట్టుకుని వాడు మేనేజరు దగ్గరికి, మేనేజరు చైర్మన్ దగ్గరికి ఒకటే పరుగు. చైర్మన్ తింటున్న అన్నం వదిలేసి ఎంగిలి చేత్తో నాకు ఫోను. 'అయ్యా, నలభై చాలా, ఇంకా తగ్గించమంటారా?' పోనీ పాపం, ఉండనివ్వండి అన్నా. ఆ మాట బజారుకు పాకి షేరు జారడం మొదలెట్టింది. తొంభై, ఎనభై... తర్వాత ఏమైందో తెలుసా? డెబ్బై దగ్గర ఈ అరచెయ్యి అడ్డం పెట్టా. టక్కున ఆగింది! నా చెయ్యే లేకపోతే దేశదేశాల బజార్లు కూలిపోయి, మీరంతా అడుక్కుతినేవాళ్ళు."

"నీ చెయ్యి కాదురా, లెక్క ఆపింది," పెద్దాయన గరిటె బల్లకేసి కొట్టాడు. "వంద రేటు టీ పొడి కిలో, నలభై రేటు టీ పొడి కిలో కలిపితే కిలో డెబ్బై పడుతుంది. నలభై కట్టి కొత్తది తీసుకున్నవాడికి పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. నూట నలభైకి రెండు డెబ్బైలు. తీసుకోకుండా, ఆ హక్కు అమ్ముకోకుండా కూర్చున్నవాడికే షేరుకు ముప్పై నీళ్ళపాలు."

మరిదికి రోషం వచ్చింది. "నాకేమీ రాలేదంటావా? అసలు మిల్లులో నాకు షేర్లే లేవు! ఒక మాలోకం తన హక్కంతా నా పేరున రాసిచ్చేసింది. రెండు వందల షేర్లకి! ఊరికే!"

వదిన చేతిలో గ్లాసు ఆగిపోయింది. పోయిన నెల మరిది ఒక కాగితం తెచ్చాడు. చిన్న అక్షరాలు ఆమెకు ఆనలేదు. "మిల్లు మళ్ళీ డబ్బు కట్టమంటోంది వదినా, మనకెందుకు, వద్దని సంతకం పెట్టెయ్," అన్నాడు. వేలు పెట్టి చూపించిన చోట పెట్టింది. పైగా అన్నం పెట్టి పంపింది.

"ఎవరా మాలోకం?"

"అంటే... అదంతా సరదాకి వదినా. నా కోతలు నీకు తెలియనివా?"

"చైర్మన్ ఫోను?"

"కోతే."

"అరచెయ్యి?"

"కోతే, ఒట్టు!"

"రెండు వందలు?"

మరిది ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయాడు.

"నా కన్ను ఆనదని తెలిసే తెచ్చావు," అంది వదిన. "మీ అన్న కష్టం అది. షేర్లు ఉన్నాయా, అమ్ముకు తిన్నావా?"

"ఉన్నాయి."

"ఇవాళే అమ్ము, పద్నాలుగు వేలొస్తాయి. నువ్వు కట్టిన ఎనిమిది వేలు నువ్వే ఉంచుకో. మిగిలే ఆరు వేలూ నావి."

"రేటు కాస్త పెరగనీ వదినా..."

"గురువారం డాక్టరు నీ రేటు కోసం ఆగుతాడా?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. నలుగురిలో ఎందుకు?"

"నలుగురిలోనే గొప్పలు పోయావుగా," అంటూ అతని చొక్కా కాలరు పట్టుకుంది. "నలుగురిలోనే కక్కు. లే."