ముత్యాలు తినని మనిషి

చాంగ్‌హువా బజారు సందులో చిన్న పాలటీ కొట్టు. బయట వాన పడుతోంది, బేరాల్లేవు. వెనక వంటగదిలో అత్త సూ-లువాన్ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. వియత్నాం నుంచి వచ్చిన కోడలు న్యాన్, టీలో వేసే ముత్యాలనే నల్లటి ఉండల కోసం గిన్నెలో కర్రపెండలం పిండి పోసుకుని కూర్చుంది.

"మళ్లీ వదిలేశాడు. ఇదిగో చూడు, గ్లాసు అడుగున ముత్యాలు ముత్యాల్లాగే ఉన్నాయి."

"ఎవరు అత్తయ్యా?"

"ఎవరా? రోజూ మూల బల్ల దగ్గర వీధికి వీపు పెట్టి కూర్చునేవాడు. హెల్మెట్టయినా తియ్యడట కదా."

"కడుపు నిండిపోయి ఉంటుంది."

"రోజూనా? ముత్యాల టీ కొట్టుకొచ్చి, టీ తాగేసి, ముత్యాలు వదిలేసి పోయేవాడు టీ కోసం వస్తున్నాడంటావా? నల్లబెల్లం పాకంలో అంత చక్కగా ఊరబెట్టి ఇస్తే ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కొరకలేదు."

"పాకం కాగింది. పొయ్యండి. చల్లారితే పిండి ముద్ద కట్టదు."

"పోస్తాలే. మాట మార్చకు."

"నేనెక్కడ మార్చాను? సలసల కాగుతూ పడకపోతే పిండి విరిగిపోతుందని మీరేగా తిడతారు."

"ఇదిగో, పోశాను. కలుపు. కలుపుతూ చెప్పు. ఎవరతను?"

"ఎవరో కస్టమరు."

"పేరు?"

"పేరడిగి టీ పోస్తామా?"

"పేరు తెలియని మనిషితో గుసగుసలేమిటే? పక్క కొట్టు అ-చ్యావ్ అంతా చెప్పింది. మాంసం ఉండలు వేయిస్తున్నా దాని కళ్లు మన కొట్టు మీదే ఉంటాయి. సరిగ్గా నేను పైన కునుకు తీసే వేళకే వస్తాడట. నేను లేచేసరికి వెళ్లిపోతాడట."

"అ-చ్యావ్ పిన్నికి పనిలేదు."

"నీకుందిగా! చెప్పు. స్టేషను ఎదురుగా కొత్తగా కొట్టు పెట్టారే, వాళ్ల మనిషా? మన పాకం ఎలా కాస్తామో కూపీ లాగుతున్నాడా?"

"వాళ్లు ముత్యాలు సంచుల్లో కొని తెచ్చుకుంటారు. మన పాకం వాళ్లకెందుకు?"

"అయితే పాకం కోసం కాదన్నమాట."

"కాదు."

"టీ కోసం కాదు, ముత్యాల కోసం కాదు, పాకం కోసం కాదు. ఇంకేం మిగిలింది ఈ కొట్లో? నువ్వు మిగిలావు."

"అత్తయ్యా, కొంచెం జరగండి. ముద్ద తాడులా సాగదియ్యాలి."

"ఇక్కడే నిలబడతా. మొన్న నీకేదో ఇచ్చాడు. ఎర్ర దారం కట్టిన పెట్టె."

"అది కూడా అ-చ్యావ్ పిన్నే చెప్పిందా?"

"చూసింది అది. వెతికింది నేను."

"ఎక్కడ వెతికారు?"

"నీ బట్టల అడుగున."

"నా బట్టలు వెతికారా అత్తయ్యా?"

"వెతికాను. ఏం చెయ్యమంటావు, అడిగితే చెప్పవుగా! పచ్చరాతి గాజు. మంచి రాయే, కాదనను. కానీ నీ చేతికి వేస్తే మోచేతి దాకా జారిపోతుంది. చెయ్యి కొలత తెలీనివాడు నిన్నేం ఏలుకుంటాడే?"

"మీకెలా తెలుసు జారుతుందని?"

"నేను పెట్టుకుని చూశా. నాకే సరిగ్గా సరిపోయింది... ఏంటి, నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"పిండి కళ్లలో పడింది."

"తడి పిండి ఎగిరి కళ్లలో పడుతుందా? చూడు న్యాన్, కూర్చో. చేతులు తుడుచుకో. నేను రాక్షసిని కాను. నా కొడుకు మింగ్-తా పోయాక నువ్వు నీ ఊరు వెళ్లిపోతావని వీధంతా అనుకుంది. నేనూ అనుకున్నా. ఒక రోజు మేడ మెట్ల మీద నీ పెట్టె చప్పుడు విని గుండె ఆగినంత పనయింది."

"మెట్ల దుమ్ము దులపడానికి జరిపాను."

"ఆ తర్వాత తెలిసిందిలే. మొన్న మాత్సు అమ్మవారి గుడికి కూడా వెళ్లాను. అమ్మవారి జవాబు చెప్పే చంద్రవంక చెక్కలు రెండూ వేసి, నా కోడలు వెళ్లిపోతుందా తల్లీ అని అడిగాను. రెండూ బోర్లా పడ్డాయి."

"బోర్లా పడితే కాదనేగా?"

"గుడి నిండా జనం. అమ్మకి నా ప్రశ్న సరిగ్గా వినపడలేదేమో."

"అమ్మవారి మాట కూడా నమ్మరా మీరు?"

"నమ్మలేకే గదా నీ బట్టలు వెతికింది. వయసులో ఉన్నదానివి, నా కొడుకు ఫొటో ముందు అగరుబత్తి వెలిగిస్తూ ముసలిదానివైపోమని నేననను. వెళ్లాలంటే వెళ్లు. కానీ చెప్పి వెళ్లు. దొంగలా గోడ దూకితే మాత్రం నా ప్రాణం ఊరుకోదు."

"నేను వెళ్లను."

"మరి ఆ గాజు?"

"తిరిగిచ్చేద్దామనుకున్నా. చేతులు రాలేదు."

"చూశావా! చేతులు రాలేదట! మనసు పడ్డావన్నమాట. ఎవడే వాడు? ఎవడో చెప్పకపోతే ఇవాళ పొయ్యి ఆర్పేస్తా."

"అరవకండి. అ-చ్యావ్ పిన్ని వింటుంది."

"విననీ!"

"షూ గారు."

"ఏ షూ?"

"పొద్దున్నే పార్కులో డాన్సు చేసేటప్పుడు మీ వెనక వరసలో నిలబడతారే. రైల్వేలో చేసి రిటైరయిన ఆయన."

"ఆ తాళం తప్పే ముసలాడా? పాట ఎడమకి అంటే కుడికి తిరిగి అందరి కాళ్లూ తొక్కేవాడు?"

"మీ కాళ్లే తొక్కుతారు. వేరేవాళ్లవి తొక్కరు."

"అయ్యో, అయ్యో న్యాన్! ఆయనకి నా వయసుంటుంది! పళ్లు కూడా కట్టించుకున్నవి!"

"అందుకే ముత్యాలు వదిలేస్తారు. పళ్లకి అంటుకుని ఊడొస్తాయట. మీరు చూస్తారని సిగ్గు. మీరు పైనున్నప్పుడే వచ్చేది అందుకే."

"నేను చూస్తే ఆయనకెందుకు సిగ్గు? నీకంటే ముప్ఫయ్యేళ్లు పెద్దవాణ్ణి చూసి సిగ్గుపడాల్సింది నువ్వు. లోకంలో మగాళ్లే కరువయ్యారా నీకు?"

"నాకు కాదు అత్తయ్యా."

"ఏంటి కాదు?"

"నాకోసం కాదు ఆయన వచ్చేది."

"మరి ఎవరికోసం?"

"ఈ కొట్లో ఇంకెవరున్నారు?"

"నేనా?"

"అత్తయ్యా, పొయ్యి మీద మిగిలిన పాకం మాడుతోంది."

"మాడనీ. నువ్వు... ఏం చెప్పావాయనతో?"

"మిమ్మల్ని చేసుకుంటానంటే, మీకు గుండె జబ్బని చెప్పా."

"ఏమే! నాకు గుండె జబ్బా?"

"నోరు మంచిది కాదనీ చెప్పా."

"అది సరే. అది అందరికీ తెలుసు."

"మామయ్య ఫొటో దగ్గర రోజూ ఏడుస్తారనీ..."

"నేనెప్పుడు ఏడ్చానే ఆ పేకాటరాయుడి కోసం? ఇంత అబద్ధాలెందుకు చెప్పావు? మనిషి మంచివాడు కాదా?"

"మంచివారే. అదే నా బాధ. ఎన్ని చెప్పినా మర్నాడు మళ్లీ వచ్చేవారు. గుండె జబ్బంటే తన ఇంటికి దగ్గర్లోనే ఆస్పత్రి ఉందన్నారు. నోరు మంచిది కాదంటే తనకి ఒక చెవి వినపడదన్నారు."

"మరి నాకొక మాట చెప్పడానికి నీకేం నొప్పి?"

"ఆయన ఇల్లు నదికి అవతల. మీరు ఊ అంటే అటు వెళ్లిపోతారు. నేను వెళ్లిపోతానని మీరు బట్టలు వెతుకుతున్నారు, గుడికెళ్తున్నారు. నేనెవర్ని అడగను? ఈ దేశంలో నావాళ్లని చెప్పుకునే మనిషి మీరొక్కరే. మీరెళ్లిపోతే పిండి విరిగిందని నన్ను తిట్టేదెవరు?"

"పిచ్చిమొహమా. ఆ ముక్కు నా గుడ్డకి తుడవకు... సరే, తుడువు. నది దాటి నేనెందుకు పోతానే? రావాలనుంటే ఆయనే రావాలి. వచ్చి పొద్దున్నే లేచి పిండి కలపాలి."

"అంటే... మీకిష్టమేనా?"

"నాకిష్టమో కాదో నన్నెవరడిగారు? కొడుకు లేడు, మొగుడు లేడు, ఇంటికి పెద్దదిక్కు నువ్వని ఆయన వానలో తడుస్తూ వచ్చి నిన్నడిగాడు. చెప్పు మరి, నన్నిస్తావా, ఇవ్వవా?"