పల్లి చట్నీకి ఒక్క స్టారు

కూసో చెన్నన్నా, చాయ్ వస్తున్నది. చేవెళ్ల మార్కెట్ల టమాటలు దించి అలిసి వచ్చినవు, జర కాళ్లు చాపుకో. యాదగిరీ, చిల్కూరు సవారీలు ఎటూ పోవుగని ఆటో పక్కకు పెట్టు. అమ్మా, మీ ఇడ్లీ పొయ్యి మీదున్నది, రెండే నిమిషాలు.

ఇడ్లీ చెప్పి ఆ మూలకు కూసున్న అమ్మాయి స్వప్నిక, గచ్చిబౌలి ఆఫీసు నుంచి వచ్చింది. ఆదివారం వాళ్లోళ్లు అరవై మంది సురంగల్ దిక్కు తోటకు వస్తున్నరట, పొద్దటి టిఫిన్ ఎవరికి చెప్పాల్నో చూడనీకి వచ్చింది. ఎదురుంగ కొత్త ఫుడ్‌కోర్టు లేచినకాంచి మొయినాబాద్‌ల నా హోటల్ కుర్చీలు ఖాళీగనే ఉంటున్నయి. ఆ ఆర్డర్ నాకే రావాలె. అందుకే ఆమెకు వినవడేటట్టు గొంతు పెంచిన.

"యాదగిరీ, వ్యాపారం చేసేటోడు రివ్యూలు చూడాలె. వెనకట ఉప్పు తక్కువైతే గల్లా కాడ నా మొఖం మీదనే తిట్టిపోతుండ్రి. గిప్పుడు తియ్యగ నవ్వి, కారెక్కి, అప్పా జంక్షన్ దాటకముందే ఫోన్ల రాస్తరు. మనకు తప్ప లోకమంత తెలుస్తది. పోయిన నెల ఎవరో ఒకామె ఒక్క స్టారు ఇచ్చింది. పేరు లేదు, పిల్లి బొమ్మ ఉన్నది. పల్లి చట్నీల పల్లీలు దుర్బీను పెట్టి వెతుక్కోవాలె అని రాసింది. నేను ఊకున్ననా? ఆ గడియలనే మళ్ల నూరిపిచ్చి, బకెట్ నింపి, స్కూటర్ మీద పెట్టుకొని సక్కగ ఆమె ఆఫీసుకే పోయిన."

"పేరే లేదంటివి, ఆఫీసెట్ల దొరికింది?" అన్నడు చెన్నయ్య.

"వ్యాపారికి దొరుకుతది. మధ్యల అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేటు కాడ సెక్యూరిటోళ్లు బకెట్‌ను తనిఖీ మిషన్ల పెట్టిండ్రు. ఆ మిషన్ కూత పెట్టలే, లొట్టలేసింది! ఇగ లిఫ్ట్ ఎక్కితే అది కదలదు. ఎందుకంటవ్? చట్నీ అంత చిక్కగున్నది మరి, ఒక్క బకెట్ ఎనిమిది మంది బరువు తూగింది. ఇరవై మూడు అంతస్తులు మెట్లెక్కిన."

"పోయిన సోమవారం నా ఆటో ఎక్కనీకే మోకాళ్లు పట్టుకున్నవు గద సేటూ" అన్నడు యాదగిరి.

"ఆ మెట్లెక్కే అరిగినయి అవి! విను. మూత తీసిన. వాసన ఏసీ గొట్టాలల్ల వడి అన్ని అంతస్తులకు పాకింది. నాలుగు వేల మంది కీబోర్డులు ఇడిసిపెట్టిండ్రు. అమెరికల ఉన్న పెద్దసార్ టీవీల మీటింగ్ పెడుతుండె, ఆయన ఆడికెల్లి అద్దానికి వేలు ఆనిచ్చి నాకిండు. ఆ పిల్లి బొమ్మామె ఏడ్చుకుంట వచ్చి, బాపూ తప్పయింది అని ఐదు స్టార్లు ఇచ్చింది. ఐదు చాలలే, ఆరోదానికి దరఖాస్తు పెట్టింది. తెల్లారి నా హోటల్ ముందల కార్లు చిల్కూరు దాక. గుడికాడ పదకొండు చుట్లు తిరగాల్సినోళ్లు వాసనకు దారి తప్పి నా హోటల్ చుట్టే తిరిగిండ్రు!"

"అంకుల్" అన్నది స్వప్నిక. లేచి వచ్చి ఫోన్ నా ముందర పెట్టింది.

పిల్లి. అదే పిల్లి.

"ఇది మా ఇంట్ల పిల్లే. ఆ రివ్యూ రాసింది నేనే. మా ఆఫీసుకు ఏ బకెట్ రాలే. ఆ ఒక్క స్టారు ఇంకా ఒక్కటే ఉన్నది. చట్నీ మారిందేమో చూద్దామని మళ్ల వచ్చిన. మీ జవాబు మాత్రం వచ్చింది, చదవాల్నా?"

నేను వద్దనేలోపట్నే చదివింది: "ఒకటో నంబరు ఇచ్చినందుకు ధన్యవాదాలు. మీ అభిమానం ఎప్పటికీ ఇట్లనే ఉండాలె. ఇట్లు, బాలకిషన్."

యాదగిరికి చాయ్ పొలమారింది. నా తప్పేమున్నది చెప్పుండ్రి, మా బడిల ఒకటంటే అందరికన్న ముందు. అది అన్నిటికన్న కిందిదని మా కొడుకు కల్యాణ్ చెప్పేదాక, ఆ స్టారును వచ్చినోళ్లందరికి చూపెట్టిన. జవాబు తీసెయ్యాలని మాత్రం తోచలే.

నా పెండ్లాం అరుణాదేవి వంటింట్లకెల్లి ఇడ్లీ ప్లేటు తెచ్చి ఆ అమ్మాయి ముందర పెట్టింది. "ఈయన స్టారు చూపెట్టుకుంట తిరుగుతుంటే, కింద రాసింది నేను చదివిన బిడ్డా. ఆ దినం నుంచి పల్లీలు రెట్టింపు ఏస్తున్న. నీళ్ల చెంబు రోలు దగ్గరికి రానిస్తలేను. తిని చూడు."

స్వప్నిక తిన్నది. నేను గల్లా ఇడిసి ఆమె ప్లేటు దిక్కే మెడ చాపిన. ఆమె చట్నీ ఇంకోసారి ఏపిచ్చుకున్నది. వేలుతోని ప్లేటు అంచు గీకింది. అద్దం కాదు, ప్లేటే!

"ఆదివారం పొద్దుగాల ఎనిమిదింటికి ఆంటీ, అరవై మందికి. ఒక్కటే షరతు. రివ్యూలకు జవాబులు మీరే రాయాలె."

నేను నా ఫోన్ తీసి అరుణ చేతుల పెట్టిన. చెన్నయ్య దిక్కు తిరిగిన.

"చూసినవా చెన్నన్నా, బకెట్ మహిమ! ఆదివారం ఆరొందల మంది..."

"అరవై" అన్నది అరుణ, ఫోన్ల నుంచి తల ఎత్తకుంటనే.