గుండీ కొరికి ఏడాది చెప్పేవాడు

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు, ఆ సంగతి మీకందరికీ తెలిసిందే," అని మొదలుపెట్టాడు బెల్హసన్. మాకు అలాంటిదేమీ తెలియదు గనక కాఫీకొట్లో మా టీ మేం తాగుతున్నాం.

ఆవేళ ఆయన గొప్పలు చెప్పుకోక తప్పదు మరి. మర్నాడు పొద్దున సాల్హా కొట్లో పాతబట్టల బేలు విప్పుతున్నారు. మా హఫ్సియా బజారులో కట్టు తెంచగానే బేలులో మొదట చెయ్యి పెట్టే హక్కు ఒక్కరికే ఇస్తారు. ఆ ఒక్కరూ ముప్ఫై చొక్కాలు ఏరుకునేదాకా తక్కినవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఈసారి వచ్చినవి అమెరికావాళ్ళ తాతలనాటి చొక్కాలట. తొలిచెయ్యి బెల్హసన్‌కివ్వాలా, ఆయనకి పోటీకొట్టు పెట్టిన తీజానీకివ్వాలా అన్నది టీలు అయ్యేలోపు చెబుతానంది సాల్హా. కిందటి నెల తొలిచెయ్యి దొరికి కూడా బెల్హసన్ పురాతనమైనవంటూ మూడు ఆసుపత్రి చొక్కాలు ఏరుకున్నాడని బజారంతా నవ్వింది. ఈసారీ జారిపోతే ఆయన కొట్లో సరుకుండదు, బయట పరువుండదు.

"పదేళ్ళ కిందటి మాట," అన్నాడాయన, సాల్హా వైపు కుర్చీ జరుపుకుని. "ఇదే బజారు. చంటిపిల్లల బట్టల గుట్ట. అందరూ దాటి పోతున్నారు. నాకు మాత్రం అడుగున నీలంగీత ఒకటి కనబడింది. లాగాను. చొక్కా! లోపల పక్కకుట్టులో ఎలా ఉతకాలో చెప్పే చీటీ ఉందా? లేదు. అంటే యాభై ఏళ్ళ పైమాటే. కింద అంచున ముందుభాగం వెనకభాగం కలిసేచోట మూడుమూలల గుడ్డముక్క ఉందా? ఉంది. అంటే ఇంకో పదేళ్ళు వెనక్కి. మెడ దగ్గర పట్టీ మీద కార్ఖానా పేరు అచ్చేసింది కాదు, నేసింది. ఇక మిగిలింది గుండీ. పంటికింద పెట్టాను. ప్లాస్టిక్‌దైతే వెచ్చగా ఉంటుంది, ముత్యపుచిప్పదైతే పన్ను జివ్వుమంటుంది. జివ్వుమంది! పంతొమ్మిది వందల యాభైరెండు అన్నాను."

"యాభైరెండే ఎందుకయ్యా? యాభైమూడెందుకు కాకూడదు?" అన్నాడు తీజానీ. ఆయన మాటలు తక్కువ మనిషి, ఉన్న నాలుగూ ముళ్ళే.

"అలా అడుగు! పక్కనే ఉన్న ఇటలీ వ్యాపారీ అదే అన్నాడు. పందెం కాశాడు. ఆ కుట్టిన కార్ఖానాకి ఉత్తరం రాశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జవాబొచ్చింది. 'అయ్యా, యాభైరెండే, మార్చి నెల, మీ దగ్గరున్న ఆ మహానుభావుడెవరో మాకు పంపండి, మా లెక్కలు సరిచూసుకోవాలి' అని."

"వెళ్ళావా మరి?" అంది సాల్హా.

"వెళ్దునే! మా అమ్మ వద్దంది. అప్పట్నుంచీ నా పేరు సముద్రం దాటిపోయింది. ఓడరేవు అధికారులు కారు పంపించేవారు. ఓ రోజు ఓడ ఇంకా ఒడ్డుకి రాలేదు, దూరంగా ఆవగింజంత కనబడుతోంది, గాలి నావైపు కొట్టింది. నేను ముక్కెగబీల్చి, 'ఇందులో నాలుగొందల బేళ్ళున్నాయి, మూడొందల తొంభైతొమ్మిది దండగ, ఒక్కదాంట్లో మాత్రం డెబ్బై ఏళ్ళ చొక్కా ఉంది, ఎడం మోచెయ్యి దగ్గర చిన్న మాసిక' అన్నాను. అధికారి నవ్వాడు. ఓడొచ్చింది. విప్పారు. చొక్కా దొరికింది. మాసిక మాత్రం కుడి మోచేతికుంది."

"హమ్మయ్య, ఒక్కటైనా తప్పావు," అన్నాన్నేను.

"తప్పడమా? చొక్కాని తిరగేసి పట్టుకున్నార్రా వాళ్ళు! నేను చెప్పాకే తిప్పారు."

తీజానీ గ్లాసులో తేలుతున్న బాదంపలుకుల్ని లెక్కపెడుతున్నాడు. సాల్హా మాత్రం చెంప మీద చెయ్యి పెట్టుకుని వింటోంది. అది చూసేసరికి బెల్హసన్‌కి ఇంకాస్త ఊపొచ్చింది.

"ఇదంతా ఒక ఎత్తు. కార్తేజ్ శిథిలాల్లో తవ్వకాలు జరిగినప్పటి సంగతి ఒక ఎత్తు. రాళ్ళ కింద ఓ మట్టికుండ, కుండలో ఓ గుడ్డ. యంత్రాలు తెచ్చారు, అద్దాలు తెచ్చారు, తెల్లగడ్డం ప్రొఫెసర్లు తొమ్మిదిమంది తలలు పట్టుకుని కూచున్నారు. ఆఖరికి ఒకాయన, 'బెల్హసన్‌ని పిలవండి, లేకపోతే కుండ మూసేయండి' అన్నాడు. నేనప్పుడు శనగల పులుసు, అదే మన లబ్లాబి, తింటున్నాను. గిన్నె కూడా కింద పెట్టకుండా వెళ్ళాను. ఒక్కచూపు. 'అయ్యలారా, ఇది మగవాళ్ళ చొక్కా. రెండువేల రెండువందల ఏళ్ళ నాటిది' అన్నాను."

"ఎలా తెలిసింది బాబాయ్?" అన్నాన్నేను, నవ్వు ఆపుకోలేక.

"ఉతికే చీటీ లేదు కదరా!"

కాఫీకొట్టు మొత్తం గొల్లుమంది. ఆయన మాత్రం చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు.

"నవ్వండి, నవ్వండి. ప్రొఫెసర్లూ నవ్వారు. అప్పుడు గుండీ పంటికింద పెట్టాను. ఏనుగుదంతం! 'ఇది కుట్టినవాడికి అత్తగారి పోరు ఎక్కువ, చూడండి కాజాలు ఎలా వంకరపోయాయో' అన్నాను. తొమ్మిదిమందీ లేచి నిలబడ్డారు. అందరికన్నా పెద్దాయన నా చెయ్యి కళ్ళకద్దుకుని ఏడ్చాడమ్మా సాల్హా. ఇదిగో, ఈ చెయ్యే. రేపు నీ బేలులో పడాల్సిన చెయ్యి."

సాల్హా ఆ చేతివంక చూసింది. ఇచ్చేస్తుందేమోనని అనిపించింది. తీజానీకీ అలాగే అనిపించినట్టుంది, గ్లాసు పక్కన పెట్టేశాడు.

"చచ్చినవాళ్ళ సాక్ష్యాలు మనకెందుకు? కళ్ళు మూసుకుని ఇక్కడే ఒక చొక్కా వయసు చెప్పమను. చెబితే తొలిచెయ్యి నేనే వదులుకుంటాను," అన్నాడు.

"ఒకటేం ఖర్మ, వంద తే!" అంటూ బెల్హసన్ తలపాగా గుడ్డ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

గుమ్మం దగ్గర మన్నూబియా కూచుని ఉంది. బజారు బట్టలకి మరమ్మతులు చేసే దర్జీ ఆవిడ. ఒళ్ళో ఉన్న తెల్లచొక్కాకి వేలాడుతున్న దారం కొరికేసి, కిక్కురుమనకుండా లేచొచ్చి దాన్ని బెల్హసన్ చేతుల్లో పెట్టి వెళ్ళింది.

బెల్హసన్ వేళ్ళు చొక్కా మీద పాకాయి. నిజం చెప్పాలంటే ఆ వేళ్ళకి పని తెలుసు. అంచు తడిమాడు, మూడుమూలల ముక్క దొరికింది. పక్కకుట్టు వెతికాడు, చీటీ లేదు. మెడ పట్టీ మీద గోరు పెట్టి గీరాడు, నేసిన పేరు. గుడ్డ ముక్కుకి ఆనించాడు. గుండీ నోట్లో పెట్టుకున్నాడు. పన్ను జివ్వుమన్నట్టుంది, మొహం విప్పారింది.

"పంతొమ్మిది వందల నలభైఏడు!" అని అరిచాడు. "అనుమానం లేదు. ఇక్కడితో ఆగేవాడైతే వాడు బెల్హసన్ కాడు. వినండి. కుట్టింది బుధవారం. కుట్టినవాళ్ళది ఎడమచేతి వాటం, ఆ దారం వాలు చూడండి. ఆవేళ ఇంట్లో పెద్ద తగువైంది, చూడండి కుట్టు ఎంత బిగిసిపోయిందో. అన్నం కూడా తినకుండా కూచుని కుట్టారు. చాలా? ఇంకా చెప్పమంటారా?"

అందరం గుమ్మంవైపు తిరిగాం. మన్నూబియా నోరు తెరిచి చూస్తోంది.

"ఓరి నీ జిమ్మడ, అన్నీ నిజమే చెప్పాడు!" అంది ఆవిడ. "బుధవారమే. మా ఆయనతో తగువే. పొద్దుట్నుంచి పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు. నాది ఎడమచెయ్యే. ఏడాది ఒక్కటే తప్పింది బెల్హసన్ అన్నా. అది మొన్న బుధవారం."

బెల్హసన్ కళ్ళ మీద గుడ్డ ఇంకా తియ్యలేదు.

"గుడ్డ మా అమ్మ దుప్పటిది," అని వేళ్ళు ముడుస్తూ చెప్పుకుపోయింది మన్నూబియా. "పట్టీ ఒక చిరిగిపోయిన చొక్కాది. గుండీలు ఇంకోదానివి. ఆ మూడుమూలల ముక్క ఉంటే నువ్వు రెండింతలు ఇస్తావని ఈమధ్య అన్నిటికీ వేస్తున్నాను. కిందటి నెల పాతవని నా దగ్గర నువ్వు కొన్న నాలుగు చొక్కాలూ నేను కుట్టినవే."

తీజానీ పగలబడి నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. తర్వాత ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. తన కొట్లో ఉన్నవి గుర్తొచ్చాయో ఏమో, మెల్లిగా మన్నూబియావైపు చూశాడు. ఆవిడ తల కిందికి దించుకుంది.

సాల్హా కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇద్దరూ ఇంటికెళ్ళండి. రేపు తొలిచెయ్యి మన్నూబియాది. ఎడమచెయ్యైనా సరే."

బెల్హసన్ అప్పుడు గుడ్డ తీశాడు. మొహం వాడిపోయింది, నిజంగా జాలేసింది నాకు. చొక్కాని జాగ్రత్తగా మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. గుమ్మందాకా వెళ్ళాడు. వెళ్ళినవాడు వెనక్కి తిరిగి వేలెత్తాడు.

"బుధవారం అన్నానా లేదా? ముందు అది ఒప్పుకోండి!"